ఆఖరి ఏడాది ఎవరు పోషిస్తారు?

(ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం పాఠం)



సుబ్బారావు గారి పేరిట జరిగే సభల్లో ఆయన మందుల గురించి మాట్లాడటం ఆనవాయితీ. బోదకాలుకు హెట్రజాన్, రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం, క్యాన్సర్‌కు మెథోట్రెక్సేట్, ఆ తర్వాత ఆరియోమైసిన్. ఆ పని నాకన్నా బాగా చేయగల వైద్యులు ఈ సభలోనే ఉన్నారు. నేను ఆయన దారిఖర్చు గురించి మాట్లాడతాను. 1922లో భీమవరం మనిషి బోస్టన్ వెళ్లడానికి డబ్బు ఎక్కడిది? 1930లో హార్వర్డ్ పీహెచ్‌డీ చేతికొచ్చేదాకా కడుపు ఎలా నిండింది? జీవితచరిత్రల్లో ఇవి రెండు మూడు వాక్యాల్లో తేలిపోతాయి. నా దృష్టిలో అసలు కథ ఆ రెండు మూడు వాక్యాల్లోనే ఉంది.

మెట్రిక్ మూడోసారికి గట్టెక్కిన కుర్రాడాయన. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకుని సర్జరీకి వెళ్లినందుకు ప్రొఫెసరు దొరగారికి కోపం వచ్చింది. ఎంబీబీఎస్ రావలసినవాడికి ఎల్ఎంఎస్‌తో సరిపెట్టారు. ఆ పట్టాతో ప్రభుత్వ వైద్య శాఖలో చోటు దొరక్క, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. అలాంటి మనిషి అమెరికా ప్రయాణానికి రెండు చోట్ల నుంచి సాయం దొరికింది. ఒకటి మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి ఇల్లు. రెండోది కాకినాడలో మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ. రంగూన్ వ్యాపారంలో గడించిన ఆస్తిని ధర్మానికి రాసిన మనిషి ఆయన. బర్మా రేవులో సంపాదించిన రూపాయి కాకినాడ మీదుగా బోస్టన్ చేరి, ఒక ప్రయోగశాలకు ఒక మనిషిని ఇచ్చింది.

అయినా ఆ డబ్బు సరిపోలేదు. బోస్టన్‌లో ఆయన రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి శుభ్రం చేసే పని చేశారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ మీద వాళ్ల పని ఆ దశాబ్దం చివర్లోనే వచ్చింది. ప్రపంచమంతా ప్రయోగశాలల్లో వాడుకున్న పద్ధతికి పేరిచ్చిన మనిషికి డాక్టరేటు రావడానికి అయిదేళ్లు పట్టింది. ఇంటి దగ్గర భార్య ఎదురుచూస్తూనే ఉండిపోయారు. ఆయన మళ్లీ రాలేదు. ఇది కూడా ఆ డాక్టరేటు ఖర్చే, కాకపోతే ఏ ఖాతా పుస్తకంలోనూ రాయరు.

ఇవాళ నేను తీసుకున్న విషయం ఒంటరి డాక్టరేట్. ఒక తరగతి, ఒక బ్యాచ్, ఒక టైంటేబుల్ లేకుండా, ఒక అభ్యర్థి, ఒక గైడు, ఒక అంశం మాత్రమే ఉండే పద్ధతి. మన దేశంలో ఇప్పుడు ప్రవేశ పరీక్ష, కోర్సువర్కు, కమిటీలు వచ్చి చేరాయి కానీ లోపల ఎముక ఇదే. ఈ పద్ధతికి పుట్టిల్లు జర్మనీ. అక్కడ ఇప్పటికీ ఎక్కువ డాక్టరేట్లు ఇలాగే జరుగుతాయి. మన పిల్లలు వేల సంఖ్యలో ఆ దేశం వెళుతున్నారు. 2022–23 నుంచి జర్మనీలోని విదేశీ విద్యార్థుల్లో భారతీయులదే మొదటి స్థానం. వాళ్లలో మాస్టర్స్ పూర్తిచేసి ‘ఇక పీహెచ్‌డీ ఎలా?’ అని ఫోన్ చేసే తెలుగు పిల్లల కోసం కూడా ఈ మాటలు.

జర్మనీలో ఈ దారికి గేటు లేదు. మన యూజీసీ నెట్ వంటి దేశవ్యాప్త పరీక్ష లేదు, దరఖాస్తు గడువు లేదు, సీట్ల లెక్క లేదు. మీ అంశం మీద పనిచేసే ప్రొఫెసరును మీరే వెతుక్కోవాలి. పది పేజీల పరిశోధన ప్రణాళిక, మాస్టర్స్ సిద్ధాంత వ్యాసం, మార్కుల పట్టీ జతచేసి ఉత్తరం రాయాలి. ఆయన సరేనంటే ఫ్యాకల్టీ మిమ్మల్ని డాక్టరేట్ అభ్యర్థిగా స్వీకరించాలి. ప్రతి ఫ్యాకల్టీకీ తనదైన నియమావళి ఉంటుంది. అది చదవకుండా ప్రొఫెసరు మాట మీదే విమానం ఎక్కినవాళ్లు, మాస్టర్స్ డిగ్రీ సరిపోదు, ఇంకో రెండు పేపర్లు పాసవ్వండి అని చెప్పించుకుని బిక్కమొహం వేసిన సందర్భాలు నాకు తెలుసు.

ఇక్కడ గమనించవలసింది ఒకటే. ప్రొఫెసరు సరేనన్నాడంటే డబ్బు వచ్చిందని కాదు. గైడు ఒక వాకిట్లోంచి వస్తాడు, డబ్బు ఇంకో వాకిట్లోంచి వస్తుంది. ఈ రెంటినీ కలిపే పని అభ్యర్థిదే. మన విద్యార్థులు ఎక్కువగా దెబ్బతినేది ఈ ఒక్కచోటే.

డబ్బు వచ్చే వాకిళ్లు ఏవి? మొదటిది ఉద్యోగం. విశ్వవిద్యాలయంలో పరిశోధన సహాయకుడి పోస్టు. జర్మన్ రాష్ట్రాల ప్రభుత్వోద్యోగుల వేతన ఒప్పందంలో పదమూడో శ్రేణి కింద జీతం ఇస్తారు. పూర్తి పోస్టుకు ఇప్పుడు మొత్తం జీతం నెలకు 4,500 యూరోలు దాటుతుంది. డాక్టరేట్ విద్యార్థికి మాత్రం చాలాచోట్ల సగం పోస్టో, మూడింట రెండొంతుల పోస్టో ఇస్తారు. సగం జీతానికి సగం పనే అనుకుంటే పొరపాటు. ప్రయోగశాల సగం రోజుకు తలుపు మూయదు. అయినా ఈ ఉద్యోగంలో ఆరోగ్య బీమా, పింఛను, నిరుద్యోగ బీమా కలిసి ఉంటాయి. కాంట్రాక్టు అయిపోయిన నెల నుంచి రోడ్డున పడకుండా అవి కాపాడతాయి. అంశం మాత్రం ప్రాజెక్టుది, మీది కాదు. జర్మన్ పరిశోధన మండలి డీఎఫ్‌జీ దగ్గర డాక్టరేట్ లేనివాడు తానుగా గ్రాంటు అడగలేడు. ప్రొఫెసరు ప్రాజెక్టు రాసి, డబ్బు తెచ్చి, ఆ డబ్బుతో మిమ్మల్ని పెట్టుకుంటాడు. కాబట్టి ఆయన పనిలో మీ సిద్ధాంత గ్రంథం ఒక భాగం.

రెండో వాకిలి స్కాలర్‌షిప్. డాడ్ అని మనవాళ్లు పిలుచుకునే జర్మన్ విద్యా వినిమయ సంస్థ విదేశీ పరిశోధకులకు ఇచ్చేది ఈ మధ్య ఏళ్లలో నెలకు 1,200 నుంచి 1,400 యూరోల మధ్య ఉంది. ఇంకో విశేషం, అక్కడి రాజకీయ పార్టీలకు దగ్గరగా ఉండే ఫౌండేషన్లు కూడా డాక్టరేట్లను పోషిస్తాయి. సోషల్ డెమోక్రాట్ల వైపు ఫ్రీడ్రిష్ ఎబెర్ట్, క్రిస్టియన్ డెమోక్రాట్ల వైపు కోన్రాడ్ ఆడెనావర్, గ్రీన్ల వైపు హైన్రిష్ బోల్, వామపక్షం వైపు రోజా లుక్సెంబుర్గ్. ఆ సొమ్ములో పెద్ద భాగం ప్రభుత్వ ఖజానాదే, ఎంపిక మాత్రం ఫౌండేషన్‌ది. మార్కులతో పాటు మీరు ఊరికి, సమాజానికి చేసిన పని ఏమిటని అడుగుతారు. మన పార్టీలు ఫ్లెక్సీలకు పెట్టే ఖర్చులో వందో వంతు ఇలా పెడితే ఎలా ఉంటుందో ఆలోచించుకోండి. స్కాలర్‌షిప్‌లో అంశం మీదే, సమయం మీదే. కానీ అది జీతం కాదు. పింఛను జమ కాదు, నిరుద్యోగ భృతి రాదు, చాలా సందర్భాల్లో ఆరోగ్య బీమా మీరే కట్టుకోవాలి.

మూడో వాకిలి కంపెనీ. కార్లు, రసాయనాలు, విద్యుత్ పరికరాల సంస్థల్లో పనిచేస్తూ అక్కడి సమస్య మీదే సిద్ధాంత గ్రంథం రాస్తారు. జీతం బాగుంటుంది. ఫలితాలను ఎప్పుడు బయటపెట్టవచ్చన్నది మాత్రం ముందే కాగితం మీద రాయించుకోవాలి. నాలుగోది వేరే ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాల్లో రాసుకోవడం. స్వదేశంలో ఇల్లు, పిల్లలు ఉన్నవాళ్లు ఇందులో దిగితే అంత తేలిగ్గా తేలరు. అయిదోది సొంత డబ్బు. దీని గురించి ఒక్క అంకె చెబుతాను. ఉద్యోగమో స్కాలర్‌షిప్పో లేకుండా విద్యార్థి వీసా మీద వెళ్లేవారు బ్లాక్డ్ అకౌంటులో చూపవలసిన మొత్తం 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు. అప్పటి మారకపు రేటులో పదకొండు లక్షలకు అటూ ఇటూ. ఫీజు దాదాపు లేని దేశమే, బతుకు ఖర్చు ఉన్న దేశం. పొలం అమ్మి మాస్టర్స్ చేసినవాడు మిగిలిన పొలం అమ్మి పీహెచ్‌డీ చేయకూడదు. నా దగ్గర ఎవరు సలహా అడిగినా ఈ మాట మొహం మీదే చెబుతాను.

ఇన్ని వాకిళ్లూ తెరిచినా కాలం దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పుతుంది. ప్రాజెక్టు కాంట్రాక్టు సాధారణంగా మూడేళ్లు. సిద్ధాంత గ్రంథం నాలుగేళ్లు దాటడం అక్కడ మామూలు. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆఖరి ఏడాది ఎవరి ఖాతాలోనూ లేదు. అది తెలిసే కొన్ని విశ్వవిద్యాలయాలు రాత ముగించడానికి కొన్ని నెలల సహాయం ఇస్తాయి. దానికోసం ముందే చూసుకుని ఉంచుకోవాలి. ఇంకో సంగతి, జర్మనీలో వైవా పాసైనంత మాత్రాన పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోలేరు. గ్రంథం ప్రచురించాలి. ఇప్పుడు చాలా గ్రంథాలయాలు ఎలక్ట్రానిక్ ప్రతిని ఉచితంగా తీసుకుంటున్నాయి కాబట్టి సైన్సువాళ్లకు చింత లేదు. చరిత్ర, తత్త్వశాస్త్రం, సాహిత్యం చేసేవాళ్లు పుస్తకంగా తెచ్చుకోవాలనుకుంటే అచ్చు ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి.

ఈ అచ్చు సంగతి మనకు కొత్తది కాదు. అంబేద్కర్ గారి కొలంబియా పీహెచ్‌డీ అధికారికంగా 1927లో వచ్చింది. పని 1917 నాటికే అయిపోయింది. అచ్చయిన ప్రతులు సమర్పిస్తేగాని పట్టా ఇవ్వని నియమం అక్కడిది. నేను ఇంతకుముందు చెప్పినదాన్ని ఆయన కథ నాకన్నా బాగా చెబుతుంది. 1913లో బరోడా మహారాజు సయాజీరావు గాయక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్ నెలకు పదకొండున్నర పౌన్లు. బదులుగా తిరిగొచ్చాక పదేళ్లు బరోడా సంస్థానంలో కొలువు చేయాలని ఒప్పందం. న్యూయార్క్ నుంచి లండన్ వెళ్లి అక్కడ పై చదువుకు చేరాక స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. 1917లో వెనక్కి రావలసి వచ్చింది. పుస్తకాలు, సామాను వేరే ఓడలో వేశారు, యుద్ధంలో ఆ ఓడ మునిగిపోయింది. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరు ఉద్యోగం చేసి జీతంలో మిగిల్చుకున్న డబ్బు, కొల్హాపూర్ శాహూ మహారాజు సాయం, నావల్ భతేనా అనే పార్సీ మిత్రుడు ఇచ్చిన 5,000 రూపాయల అప్పు కలిపితే 1920లో మళ్లీ లండన్ ఓడెక్కగలిగారు. అక్కడ రాసిన డాక్టర్ ఆఫ్ సైన్స్ (డీఎస్సీ) గ్రంథానికి పరీక్షకులు సవరణలు అడిగితే, అప్పటికి చేతిలో డబ్బు అయిపోయి 1923లో బొంబాయి వచ్చి, ఇక్కడి నుంచే సవరించి పంపారు. మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్ మొదలుపెట్టించింది, మిత్రుడి అప్పు ముగించింది. మొదటిదాని గురించి పుస్తకాలున్నాయి, రెండోదాని గురించి ఒక పంక్తి ఉంటుంది.

మన విశ్వవిద్యాలయాలకు వద్దాం. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు, ఆపైన రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు. మహిళలకు, వికలాంగులకు మరికొంత వెసులుబాటు. ఉద్యోగంలో ఉన్నవారు ఎన్‌వోసీ తెచ్చుకుంటే పార్ట్‌టైమ్‌గా చేయవచ్చు. నెట్‌లో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వచ్చినవారికి 2023 జనవరి 1 నుంచి రెండేళ్లు నెలకు 37,000, సమీక్ష దాటితే సీనియర్ ఫెలో (ఎస్‌ఆర్‌ఎఫ్)గా 42,000. ఇంటద్దె వేరు. మొత్తం అయిదేళ్లు. నిబంధన ఆరేళ్లు, ఫెలోషిప్ అయిదేళ్లు. చట్టం ఒప్పుకున్న ఆరో ఏడాదికి డబ్బు ఇవ్వనిది కూడా అదే వ్యవస్థ. ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్‌లో 70 నుంచి 80 వేలు ఇస్తారు, కానీ అది కొద్దిమందికి, కొన్ని సంస్థల్లోనే. జేఆర్‌ఎఫ్ రానివారికి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో దొరికే నాన్-నెట్ ఫెలోషిప్ నెలకు 8,000. పదేళ్లు దాటినా ఆ అంకె కదల్లేదు. హైదరాబాద్‌లో ఒక పేయింగ్ గెస్ట్ గదికే అది చాలదు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలామందికి ఆ 8,000 కూడా లేవు. మైనారిటీ విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022 డిసెంబరులో ఆపేశారు.

ఎంత ఇస్తారన్నది సగం సంగతి. ఎప్పుడు ఇస్తారన్నది మిగతా సగం. గైడు సంతకం, హెడ్ సంతకం, యూనివర్సిటీ నెలవారీ ధ్రువీకరణ, పైనుంచి విడుదల. ఈ గొలుసులో ఎక్కడ ఒక కొక్కెం తప్పినా నెలలు గడుస్తాయి. వచ్చినప్పుడు గుత్తగా వస్తుంది, అప్పటికి మెస్ బిల్లు, స్నేహితుల చేబదుళ్లు పేరుకుని ఉంటాయి. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల చనిపోయే ముందు రాసిపెట్టిన చివరి లేఖలో తనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్, 1,75,000 రూపాయల ప్రస్తావన ఉంది. అది ఇంట్లోవాళ్లకు అందేలా చూడమని, అందులో ఒక స్నేహితుడి బాకీ తీర్చాలని. ఆ మరణానికి కారణాలు ఫెలోషిప్‌కన్నా చాలా పెద్దవి, వాటిని ఇక్కడ తేల్చబోను. నెలకు 25,000 చొప్పున లెక్కపెట్టి రాయవలసిన స్థితిలో ఒక స్కాలర్ ఉన్నాడన్న ఒక్క విషయం దగ్గర ఆగుతాను. ఫెలోషిప్‌ను గైడు చేతిలో కళ్లెంగా వాడే చోట సంతకం అంటే భయమే. బయోమెట్రిక్ హాజరు, ఇంటి పనులు, గైడుగారి పిల్లల ట్యూషన్లు, ఇవన్నీ ఈ సభలో చాలామందికి తెలుసు, చాలామంది మాట్లాడరు.

మన సాహిత్య శాఖల్లో ఇంకో దారి చాలాకాలం పనిచేసింది. జీతం మీద పరిశోధన. కవి సినారె గారు లెక్చరర్‌గా పాఠాలు చెబుతూనే ‘ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు’ మీద 1962లో ఉస్మానియా నుంచి డాక్టరేట్ తీసుకున్నారు. శాశ్వత ఉద్యోగం వెనక ఉంటే పరిశోధన తొందరపడదు. ఇవాళ ఆ ఉద్యోగాలే లేవు. పీహెచ్‌డీ లేకుండా లెక్చరర్ పోటీలో నిలవలేక, లెక్చరర్ కాకుండా పీహెచ్‌డీకి డబ్బు లేక కుర్రాళ్లు గెస్ట్ ఫ్యాకల్టీగా గంటల లెక్కన పాఠాలు చెబుతున్నారు. వేసవిలో ఆ గంటలు కూడా ఉండవు.

స్కాలర్లకు నా మాటలు కొన్ని. చేరకముందే గైడు దగ్గర ఇంతకుముందు ఎంతమంది పూర్తిచేశారు, ఎన్నేళ్లలో చేశారని వాళ్లనే వెళ్లి అడగండి, గైడును కాదు. ఫెలోషిప్ ఎప్పుడు ఆగుతుందో ఆ తేదీ ముందు రాసుకుని, అక్కడి నుంచి వెనక్కి అధ్యాయాలు లెక్కవేయండి. ఉద్యోగమూ స్కాలర్‌షిప్పూ రెండూ దొరికితే, కుటుంబ బాధ్యత ఉన్నవాళ్లు ఉద్యోగమే తీసుకోండి. డబ్బు కట్టించుకుని పేపర్లు వేస్తామనే పత్రికల జోలికి పోకండి. 2022 నిబంధనల తర్వాత గ్రంథం సమర్పించడానికి పత్రికా వ్యాసం తప్పనిసరి కూడా కాదు. విదేశీ పేరుతో ఎడ్‌టెక్ కంపెనీలు అమ్మే ఆన్‌లైన్ పీహెచ్‌డీలు చెల్లవని యూజీసీ, ఏఐసీటీఈ అదే ఏడాది చెప్పాయి. అయినా హోర్డింగులు తగ్గలేదు.

ఇక దాతలకు. ఈ వరసల్లో మా తరం పాత విద్యార్థులు ఉన్నారు, అమెరికాలో స్థిరపడి సెలవులకు వచ్చినవాళ్లూ ఉన్నారు. మన విశ్వవిద్యాలయాలకు ఎవరైనా విరాళం ఇస్తే అది పసిడి పతకంగా మారుతుంది. తల్లి పేరిటో తండ్రి పేరిటో ఒక పతకం, స్నాతకోత్సవంలో ఒక ఫొటో. పతకం పని అయిపోయాక వస్తుంది, మొదటి స్థానంలో ఉన్నవాడికే వస్తుంది. వాడు ఎలాగూ బతుకుతాడు. నాలుగు అధ్యాయాలు రాసి, అయిదోది రాయడానికి డబ్బు లేక, ఇంటికెళ్లి ప్రైవేటు స్కూల్లో చేరిన అమ్మాయికి ఆ పతకం పనికిరాదు. పొట్టకొచ్చిన వరికి నీళ్లు ఆపినట్టు మనం ఆ పిల్లల్ని ఆపేస్తున్నాం. మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఒక శతాబ్దం కిందట చేసిన పని ఇవాళ ఏ జిల్లాలో ఎవరు చేస్తున్నారు?

లెక్క చెబుతాను. నెలకు 25,000 చొప్పున ఒక స్కాలర్‌కు ఆఖరి ఏడాది పోషణ 3 లక్షలు. యాభై లక్షలు బ్యాంకులో వేస్తే ఆరు శాతం వడ్డీ మీద అది ఏటా ఒకరికి వస్తుంది, అసలు కదలదు. ఒకే బ్యాచ్‌లో చదువుకున్న పాతిక మంది తలా రెండు లక్షలు వేస్తే ఆ యాభై లక్షలు అవుతాయి. షరతులు తక్కువగా ఉండాలి. సగానికి పైగా గ్రంథం చేతిరాతలోనో టైపులోనో చూపాలి, ప్రతి నెల ఒకటో తేదీన డబ్బు నేరుగా ఖాతాలో పడాలి, గైడు సంతకం అవసరం ఉండకూడదు. కులం, ఊరు, శాఖ చూడకుండా అవసరం చూడాలి. అచ్చు ఖర్చు ఉంటే అదీ కలపాలి.

నిర్వాహకులు ఈ ఉపన్యాసానికి ఇచ్చే పారితోషికాన్ని ఆ నిధికి మొదటి చందాగా జమ చేసుకోమని కోరుతున్నాను. నిధి ఖాతా తెరిచిన రోజు నాకు కబురు చేయండి, నా వంతు రెండు లక్షలు కూడా పంపుతాను. మిగతా ఇరవై నలుగురు ఈ హాల్లోనే ఉన్నారు, బయటికి వెళ్లేముందు పేర్లు ఇచ్చి వెళ్లండి.